రెండో వాది

పర్చూరులో చీరాల బస్సులు ఆగే చోటికి కాస్త అవతల ఒక రేకుల కొట్టు ఉంది. ముందు దూది ఏకే మెషీను, వెనక కుట్టు మిషను, ఆ రెంటికీ మధ్య గుల్జార్ బేగం. పాత పరుపు తెచ్చి పడేస్తే కుట్లు విప్పుతుంది, అట్టలు కట్టిన దూదిని మళ్ళీ ఏకుతుంది, ఎండలో ఆరబోస్తుంది, సాయంత్రానికి కొత్తదానిలా ఉబ్బించి ఇస్తుంది. భర్త అన్వర్ ఆటో నడుపుతాడు. పరుపుల్ని ఇళ్ళకు చేర్చేది అతనే. ఆమెకిప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. చదువు మూడో తరగతితో ఆగిపోయింది. సంతకం చేస్తుంది, బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదువుతుంది. అంతకు మించి కాగితం మీద ఏమున్నా ఎవరో ఒకరు చదివి చెప్పాలి.

తండ్రి ఖాసిం సాయెబు మల్లాయపాలెంలో ఉండేవాడు. మెషీన్లు రాని రోజుల్లో భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. అలా తిరిగి తిరిగి ఊరికి పడమటగా రెండెకరాల నల్లరేగడి కొన్నాడు. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు నాగూర్ వలి, తర్వాత నజ్మీన్, ఆఖరిది గుల్జార్. మోకాళ్ళు పట్టేసి పొలం చేయలేకపోయాక పక్క చేను యలమందకి కౌలుకిచ్చాడు. యలమంద అందులో ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప వేసేవాడు. భార్య పోయిన నాలుగేళ్ళకి ఖాసిం సాయెబు కూడా పోయాడు. అది 2016.

నలభై రోజుల ఫాతిహా అయింది. కొన్నాళ్ళకి నాగూర్ వలి రెండెకరాలకీ తన ఒక్కడి పేరు మీద పాస్‌బుక్ చేయించుకున్నాడని తెలిసింది. గుల్జార్ వెళ్ళి అడిగింది. మీ పెళ్ళిళ్ళు చేశాం, పురుళ్ళు పోశాం, ఇంకా పొలంలో భాగమేమిటి అన్నాడు అన్న. ఆమె గొడవ పడకుండా వచ్చేసింది. ఇంకొల్లులో ఉన్న అక్కకి ఫోన్ చేసి చెప్పింది. ఊరుకోవద్దన్నది నజ్మీనే. కోర్టుకి వెళ్దామన్నదీ ఆమే.

చీరాలలో జ్యోతిర్మయి అనే వకీలు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆవిడ అంతా విని, మీ ధర్మం ప్రకారం ఆస్తిని నాలుగు వంతులు చేస్తే కొడుక్కి రెండు, ఆడపిల్లలకి చెరొకటి వస్తాయని చెప్పింది. ముందు నోటీసు ఇద్దాం, జవాబు చూసి దావా వేద్దామంది. దావా ఒక్క గుల్జార్ పేరునే వేసినా సరిపోతుంది, పెద్దావిడని అన్నతో పాటు ప్రతివాదిగా చూపించినా ఆవిడ వంతు ఆవిడకి వస్తుంది, రోజూ తిరిగే పని తప్పుతుంది అని కూడా చెప్పింది. నజ్మీన్ ఒప్పుకోలేదు.

"నేను అటు పక్క ఎందుకుంటానండీ? నన్ను మా చెల్లెలి పక్కనే రాయండి."

అలా గుల్జార్ ఒకటో వాది, నజ్మీన్ రెండో వాది అయ్యారు. నజ్మీన్ పదో తరగతి దాకా చదివింది. దావా కాగితాలు తయారయ్యాక వకీలు ఆఫీసు బల్ల మీద పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చెల్లెలికి పైకి చదివి వినిపించింది. తండ్రి తన జీవితకాలంలో ఎవరికీ ఏ ఆస్తీ రాసివ్వలేదు, నోటిమాటగానూ ఇవ్వలేదు అన్న చోట ఆగి, "ఇది గట్టిగా రాశారా లేదా" అని వకీలుని అడిగింది. చదివిన ప్రతి పేజీ కిందా ఇద్దరూ సంతకాలు పెట్టారు.

కోర్టు సమన్లు వెళ్ళాయి. నాగూర్ వలి మొదటిసారి తీసుకోలేదు. రెండోసారి తీసుకుని అంకమ్మరావు అనే వకీలుని పెట్టుకున్నాడు. జవాబు దాఖలు చేయడానికి గడువు మీద గడువు అడిగాడు. చివరికి వచ్చిన జవాబులో కొత్త సంగతి ఉంది. 2013లోనే తండ్రి ఆ రెండెకరాలూ తనకి హిబా చేశాడని రాయించాడు. హిబా అంటే నోటిమాటతో ఇచ్చే కానుక. కాగితం అక్కర్లేదు. ఇస్తున్నానని చెప్పాలి, పుచ్చుకున్నానని చెప్పాలి, వస్తువు చేతికి అప్పగించాలి. ఈ మూడూ జరిగితే చెల్లుతుందని, ఆ మూడో దాని దగ్గరే మనం పట్టుకోవాలని జ్యోతిర్మయి చెప్పింది. ఆ రోజు నజ్మీన్‌కి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నాన్న బతికుండగా ఆ మాట అనగా విన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించమను అని మెట్లు దిగుతున్నంతసేపూ అంటూనే ఉంది.

తర్వాత కేసు వాయిదాల్లో పడింది. తేల్చాల్సిన అంశాలు ఏమిటో జడ్జి గారు రాసుకోవడానికి కొంతకాలం పట్టింది. రాజీ కుదురుతుందేమో చూడమని మధ్యవర్తి దగ్గరికి పంపారు. నాగూర్ వలి రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చి కుదరదన్నాడు. ఆ జడ్జి గారికి బదిలీ అయింది. కరోనా వచ్చి కోర్టు తలుపులే మూతబడ్డాయి. మళ్ళీ తెరిచాక పాత కేసుల వరసలో వీళ్ళది ఎక్కడో ఉంది.

ఆ ఏళ్ళన్నీ అక్కచెల్లెళ్ళు ఇద్దరూ వాయిదాకి కలిసే వెళ్ళారు. చీరాల బస్టాండులో ఎవరు ముందు దిగితే వాళ్ళు రెండో వాళ్ళ కోసం ఆగేవారు. నజ్మీన్ టిఫిన్ డబ్బాలో పులిహోర తెచ్చేది. బంట్రోతు పేర్లు పిలిస్తే గుల్జార్ లేవడానికే వెనకాడేది. నజ్మీన్ ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించేది. వాయిదా తేదీ చిన్న కాగితం మీద రాసుకునేదీ ఆమే. పెళ్ళిళ్ళయ్యాక అన్నిసార్లు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నది ఆ వరండాలోనే. ఒకసారి వకీళ్ళు విధులు బహిష్కరించడంతో పదకొండు గంటలకే పనైపోయింది. నజ్మీన్ ఉన్నట్టుండి వాడరేవు పోదామంది. ఆటో ఎక్కి వెళ్ళారు. ఎండు చేపల వాసన మధ్యలోంచి నడిచి నీళ్ళ దాకా వెళ్ళి, పాదాలు తడుపుకుంటూ, కేసు గెలిస్తే తన ముక్కలో మిరప వేస్తానని నజ్మీన్, పత్తి వేస్తానని గుల్జార్ వాదించుకున్నారు. నీ కొట్టుకి నువ్వే పండించుకుంటావేమిటే అని అక్క నవ్వింది. ఇంటికొచ్చాక కూడా గుల్జార్ భర్తతో ఆ మాటే చెప్పుకుంది. కేసు ఎటుపోయినా మా అక్క నాకు మళ్ళీ దొరికిందంది.

సాక్ష్యాలు మొదలయ్యాయి. ముందు గుల్జార్ బోనెక్కింది. అంకమ్మరావు ఒక పూటంతా ప్రశ్నలు వేశాడు. తండ్రికి ఎన్నడైనా వైద్యం చేయించావా, పొలంలో ఎప్పుడైనా గడ్డిపరక పీకావా, ఎవరో ఎగదోస్తే అన్న మీద కేసు వేశావా అని. ఆమె తెలుగులో చెబుతుంటే టైపిస్టు ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాడు. తను చెప్పిందే రాశారో లేదో తెలియక ఆమెకి చెమటలు పట్టాయి. బయటికి రాగానే నజ్మీన్ కొంగుతో మొహం తుడిచి మజ్జిగ తాగించింది. ఒక్క మాట తడబడలేదు, నాన్న ఉంటే మురిసిపోయేవాడంది.

తర్వాతి వాయిదాకి యలమంద వచ్చాడు. నాగూర్ వలి అతన్ని వెళ్ళవద్దని కబురు పెట్టాడట. అయినా వచ్చాడు. ఖాసిం సాయెబు పోయేదాకా కౌలు ఆయన చేతికే ఇచ్చానని, కొడుకు ఒక్కనాడూ చేలో అడుగుపెట్టి ఇది నాదనలేదని చెప్పి, అడిగినదానికి మించి ఒక్క ముక్క మాట్లాడకుండా దిగిపోయాడు. ఇక మిగిలింది రెండో వాది సాక్ష్యం.

ఆ రోజు గుల్జార్ చీరాల బస్టాండులో చాలాసేపు ఆగింది. ఇంకొల్లు బస్సులు వస్తున్నాయి, అక్క దిగడం లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఒంట్లో బాగోలేదేమో అనుకుని ఒక్కతే కోర్టుకి వెళ్ళింది. జ్యోతిర్మయి గడువు తీసుకుంది. సాయంత్రం నజ్మీన్ భర్త ఫోన్ ఎత్తి, జ్వరం అని చెప్పి పెట్టేశాడు.

తర్వాతి వాయిదాకి నజ్మీన్ వచ్చింది. కానీ వరండాలో రెండో చివర నిలబడింది. ఆమె పక్కన వదిన, వెనక నాగూర్ వలి. గుల్జార్‌కి మొదట ఏమీ అర్థం కాలేదు. అన్నే రాజీకి వచ్చాడేమో అనుకుని సంతోషంగా ఎదురు వెళ్ళబోయింది. నజ్మీన్ తల పక్కకి తిప్పుకుంది. లోపల వేరే వకీలు లేచి, రెండో వాదికి ఇకపైన తాను హాజరవుతానని, ఆమె ఈ దావా నుంచి తప్పుకోదలిచిందని పిటిషన్ ఇచ్చాడు. జ్యోతిర్మయి అభ్యంతరం చెప్పింది. ఇద్దరు వాదుల్లో ఒకరు రెండోవారిని వదిలేసి తమంతట తాము తప్పుకోవడానికి వీల్లేదంది. జడ్జి గారు వాదనలు విని కొన్నాళ్ళకి ఉత్తర్వు ఇచ్చారు. నజ్మీన్ పేరు వాదుల్లోంచి తీసేసి ప్రతివాదుల్లో చేర్చమన్నారు. దావా కాగితం మీద ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేసి అన్న పేరు కింద రాశారు.

ఆ ఆదివారం గుల్జార్ ఇంకొల్లు వెళ్ళింది. నజ్మీన్ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. గుల్జార్ మెట్టు మీద కూర్చుంది.

"ఏమిచ్చాడే నీకు?" అని అడిగింది.

"చీర పెట్టాడు."

"చీరా?"

"రంజానుకి వచ్చి చీర పెట్టి, ఇంటికి రమ్మన్నాడు. వదిన వండి పెట్టింది. ఆరేళ్ళయిందే నేను ఆ ఇంట్లో అన్నం తిని. అమ్మ మంచం అక్కడే ఉంది." నజ్మీన్ చేట కింద పెట్టింది. "కేసు గెలిస్తే నాకు అరెకరం వస్తుంది. పుట్టిల్లు పోతుంది. రేపు నాకు ఏదైనా అయితే పుట్టింటి గుడ్డ కప్పేవాళ్ళుండరు."

"నేనున్నాను కదా."

నువ్వు కూడా వదిలేసెయ్, అన్నయ్య నీకూ పెడతాడు అంది నజ్మీన్. తప్పుకుంటే తప్పుకున్నావు, సాక్ష్యం మాత్రం చెప్పకు అని గుల్జార్ బతిమాలింది. నజ్మీన్ మళ్ళీ చేట అందుకుని, సరేలే అంది. ఆ మాట నమ్ముకుని గుల్జార్ బస్సెక్కింది.

నాగూర్ వలి తరఫు రెండో సాక్షిగా నజ్మీన్ ప్రమాణపత్రం దాఖలైంది. తన ఆఫీసులో జ్యోతిర్మయి దాన్ని గుల్జార్‌కి చదివి వినిపించింది. 2013లో రంజాన్ అయిన తర్వాతి శుక్రవారం నాడు మల్లాయపాలెం ఇంటి వసారాలో, నమాజు చేసి వచ్చిన తండ్రి నాగూర్ వలి చెయ్యి పట్టుకుని పొలం నీకిచ్చానన్నాడు, నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. దావా కాగితాల మీద సంతకం చెల్లెలు పెట్టమంటే చదవకుండా పెట్టాను.

"ఆ రంజానేనా మేడమ్? పదమూడుదేనా?" అని గుల్జార్ రెండుసార్లు అడిగింది.

ఆ పండుగ మూడో రోజునే ఆమెని గుంటూరు తీసుకెళ్ళారు. కడుపులో గడ్డకి బ్రాడీపేటలో ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. వారం దాటి ఉంచారు. అన్నాళ్ళూ దగ్గరుండి చూసుకున్నది నజ్మీనే. రెండు మంచాల మధ్య నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంది. జావ కాచి తెచ్చి చెంచాతో పట్టింది, బట్టలు మార్చింది, చిక్కులు పడిన జుట్టుని ఓపిగ్గా దువ్వి జడ వేసింది. శుక్రవారం డాక్టరు కుట్లు చూసి నడవమన్నాడు. అక్క మెడ మీద చెయ్యి వేసి గుల్జార్ నాలుగడుగులు వేసింది ఆ శుక్రవారమే.

ఇదంతా వకీలుకి చెప్పడమా మానడమా అని ఆమె ఒక క్షణం ఆగింది. తనకి చేసిన మేలునే తెచ్చి అక్క మీదికి విసిరినట్టుంటుందనిపించింది. తర్వాత, అక్క ఆ సంగతి ఎలా మరిచిపోయి ఉంటుంది, అన్న తరఫు వకీలు రాసిన కాగితం మీద గుడ్డిగా సంతకం పెట్టి ఉంటుంది, అడిగితే తనే సర్దుకుంటుంది అనుకుంది. చెప్పేసింది. ఆస్పత్రి కాగితం ఉందా అని అడిగింది జ్యోతిర్మయి. ఉంది. కానీ అందులో రోగి పేరే ఉంటుంది, పక్కన ఎవరున్నదీ ఉండదు. ఆ మాట నజ్మీన్ నోటి నుంచే రావాలి.

నజ్మీన్ బోనెక్కిన రోజు అన్న పెట్టిన చీరే కట్టుకొచ్చింది. జ్యోతిర్మయి ముందు చదువు సంగతి అడిగింది. పదో తరగతి అని ఒప్పుకోక తప్పలేదు. తర్వాత గొంతు పెంచకుండా అడిగింది.

"2013లో రంజాన్ తర్వాత మీ చెల్లెలికి బ్రాడీపేటలో ఆపరేషన్ జరిగింది కదా?"

"జరిగింది."

"అప్పుడు ఆస్పత్రిలో ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

నజ్మీన్ తలెత్తింది. బెంచీల వైపు చూసింది. గుల్జార్ కనిపించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చెబుతుందనుకుంది గుల్జార్.

"గుర్తు లేదు."

"మీరే దగ్గరుండి చూసుకున్నారు, ఆ శుక్రవారం మీరు మల్లాయపాలెంలో లేనే లేరు అంటే ఏమంటారు?"

"గుర్తు లేదండి."

టైపిస్టు ఆ రెండు జవాబులూ కొట్టాడు. చదివి వినిపిస్తే నజ్మీన్ తలూపి సంతకం చేసింది.

బయటికొచ్చాక జ్యోతిర్మయి హుషారుగా ఉంది. ఇది మనకి చాలా మంచి జవాబు, లేనని చెప్పలేకపోయింది, జడ్జి గారికి అర్థమైపోయి ఉంటుందని చెప్పింది. గుల్జార్ వరండా గోడకి ఆనుకుని నిలబడింది.

"నేను కాదు వేరెవరో ఉన్నారని చెప్పినా బాగుండేది మేడమ్," అంది. "అబద్ధమాడింది అనుకునేదాన్ని. గుర్తు లేదంది."

ఆ రోజు ఇంటికెళ్ళి ఆమె అన్నం తినలేదు. అన్న చేసినదానికి ఆమెకి కోపం వచ్చింది, కోర్టుకెళ్ళింది, ఎదురు నిలిచింది. దీనికి ఏ కోర్టుకెళ్ళాలో ఆమెకి తెలియలేదు. ఆ తర్వాత కొన్ని వాయిదాలకి ఆమె వెళ్ళనే లేదు. వకీలు ఫోన్ చేసి వాదనలు అయిపోయాయంది, తీర్పుకి వాయిదా వేశారంది. సరేనంది.

తీర్పు గుల్జార్ వైపే వచ్చింది. తండ్రి చనిపోయేదాకా కౌలు తనే తీసుకున్నాడు కాబట్టి పొలం కొడుకు చేతికి అప్పగించినట్టు రుజువు కాలేదని, రెండో ప్రతివాది ఒకప్పుడు తనే సంతకం చేసిన దావాకి విరుద్ధంగా చెప్పిన మాట నమ్మదగ్గది కాదని, హిబా చెల్లదని జడ్జి గారు రాశారు. ఆస్తిని నాలుగు వంతులు చేసి రెండు నాగూర్ వలికి, ఒకటి గుల్జార్‌కి, ఒకటి నజ్మీన్‌కి అని ప్రాథమిక డిక్రీ ఇచ్చారు. ఆమెకి కూడానా అని గుల్జార్ అడిగింది. పంపకం దావాలో హక్కుని బట్టి వంతు వస్తుంది కానీ ఎవరు ఎవరి వైపు నిలబడ్డారన్నదాన్ని బట్టి కాదని జ్యోతిర్మయి చెప్పింది.

ప్రాథమిక డిక్రీ అంటే ఎవరికెంత అన్నది తేలడమే. ఏ ముక్క ఎవరిదో తేలడానికి తుది డిక్రీ కావాలి. దానికి పిటిషన్ వేసేలోగా నాగూర్ వలి జిల్లా కోర్టుకి అప్పీలు వెళ్ళి స్టే తెచ్చుకున్నాడు. అప్పీలు కొట్టేసేదాకా ఇక్కడి కాగితం ఇక్కడే ఆగింది. ఆ తర్వాత శ్రీరమ్య అనే కుర్ర వకీలుని కమిషనర్‌గా వేశారు. ఆమె సర్వేయర్‌తో వచ్చి చేను కొలిపించి, నీటి వసతి, దారి చూసి, ముక్కలు గీసి నివేదిక ఇచ్చింది. తుది డిక్రీ అయింది. చివరికి కోర్టు అమీనా వచ్చి రాళ్ళు పాతించి, ఉత్తరపు అరెకరం గుల్జార్‌కి అప్పగించి సంతకం తీసుకున్నాడు. ఊరివాళ్ళు నలుగురు గట్టున నిలబడి చూశారు. గెలిచావమ్మా అన్నాడు యలమంద. అతనికే మళ్ళీ కౌలుకిచ్చి ఆమె మధ్యాహ్నం బస్సుకి పర్చూరు వచ్చేసింది. కొట్లో రెండు పరుపులు ఆగి ఉన్నాయి.

పక్కనున్న నజ్మీన్ ముక్కని నాగూర్ వలే దున్నుకుంటున్నాడు. ఆమె స్వాధీనం అడగలేదు కాబట్టి అప్పగింత జరగలేదు. కేసు ఓడిపోయాక అతను ఇంకొల్లు వెళ్ళడం మానేశాడని, పోయిన రంజానుకి చీర పెట్టలేదని, కొడుకు నిశ్చితార్థానికి కూడా పిలవలేదని యలమంద ఒకసారి మాటల్లో చెప్పాడు.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున నజ్మీన్ కొట్టు ముందు ఆటో దిగింది. చిక్కింది, కళ్ళజోడు వచ్చింది. పాత పరుపు ఒకటి, రెండు దిండ్లు తెచ్చింది. గుల్జార్ పరుపు అందుకుని, వేళ్ళతో నొక్కి చూసి, కింద వేసింది.

"దూది బాగానే ఉంది. పై గుడ్డ మార్చాలి. సాయంత్రం రండి, అయిపోతుంది."

నజ్మీన్ నిలబడిపోయింది.

"నన్ను మీరంటావేమే?"

గుల్జార్ కత్తెర తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నజ్మీన్ స్టూలు మీద కూర్చుంది. ఏదేదో మాట్లాడింది. మోకాళ్ళ గురించి, మనవరాలి గురించి. ఆఖరికి, తన ముక్క కావాలంటే ఇప్పుడేం చేయాలని అడిగింది.

గుల్జార్ తలెత్తకుండానే చెప్పింది. డిక్రీ నకలుకి దరఖాస్తు పెట్టుకోవాలని, స్వాధీనం కోసం కోర్టులో పిటిషన్ వేయాలని, నాగూర్ వలికి నోటీసు వెళ్తుందని, అతను అభ్యంతరం చెబితే విచారణ ఉంటుందని, తర్వాత అమీనా వస్తాడని. జ్యోతిర్మయి గారు మీ తరఫున రారు, వేరే వకీలుని చూసుకోండని. ఏ కాగితం ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో కూడా చెప్పింది.

"చీరాలకి తోడొస్తావా?" అంది నజ్మీన్.

"కొట్టు వదిలి రాలేనండి," అంది గుల్జార్.

సాయంత్రం పరుపు, దిండ్లు సిద్ధమయ్యాయి. అన్వర్ వాటిని ఆటోలో వేసి, వదినగారిని ఇంకొల్లు బస్సు ఎక్కించి వచ్చాడు. దారంతా ఏడుస్తూనే ఉందని చెప్పాడు. గుల్జార్ నేల మీద రాలిన దూది పీచుని చీపురుతో దగ్గరికి ఊడ్చి, సంచిలోకి ఎత్తి, కొట్టు తలుపు వేసింది.